షుగరు లైనులో ఎవరూ అడగని అయిదు ప్రశ్నలు

మా మండలం ఆసుపత్రిలో గురువారం నాడు షుగరు, బీపీ బిళ్ళలిస్తారు. పొద్దున్నే వరండా నిండిపోతుంది. ఊడుపుల రోజుల్లో అయితే మా పేట ఆడాళ్ళు కూలి పోగొట్టుకోలేక అయిదారు కార్డులు ఒకరి చేతికే ఇచ్చి పంపుతారు. లైనులో వచ్చినవాళ్ళకి వేలు గుచ్చి, నెత్తురు చుక్క మిషన్లో పెట్టి, వచ్చిన అంకె కార్డు మీద రాసి, నెలకి సరిపడా బిళ్ళలు చేతిలో పోస్తారు. మనిషికి రెండు నిమిషాలు. ఆ అంకె ఎంత అన్నది తప్ప ఇంకో ప్రశ్న అక్కడ పుట్టదు.

మా పిన్ని ఆ లైనులో పదకొండేళ్ళు నిలబడింది. నలభై ఏడో ఏట షుగరు బయటపడింది. యాభైకి ముట్లుడిగాయి. యాభై ఎనిమిదో ఏట ఒకరోజు చీర మీద నెత్తురు మరక చూసింది. నెల తర్వాత మళ్ళీ కనిపించింది. ఊళ్ళో ఆర్.ఎం.పి.కి చెబితే "షుగరు మనిషివి, వేడి చేసుంటాది" అని బిళ్ళలిచ్చాడు. గురువారం లైనులో, వెనకాల మగాళ్ళు నిలబడి ఉండగా, నర్సమ్మ చెవిలో గుసగుసగా చెప్పింది. "షుగరు ఎక్కువైతే ఇలాంటివన్నీ వస్తాయమ్మా, ముందు అది తగ్గించుకో" అన్నదట ఆ నర్సమ్మ. ఆ తర్వాత పిన్ని నాకు ఫోను చేసింది. "ఒరే బాబూ, నువ్వు సదువుకున్నోడివి గదా, ఇదేటంటావు?" అంది.

నేను మా ఇంట్లో మొదటి డిగ్రీవాణ్ణి. ఎనిమిదో తరగతికి జీవశాస్త్రం కూడా చెబుతాను. నేనన్న మాట ఇది: "షుగరు వల్లేలే పిన్నీ, బిళ్ళలు మానకుండా వేసుకో."

తొమ్మిది నెలలు అలా గడిచిపోయాయి. మనిషి సగమైపోయింది. అది కూడా షుగరు వల్లే అనుకున్నాం. ఇక నిలబడలేని స్థితిలో పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోతే, లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. గర్భసంచి లోపొర క్యాన్సరు. అప్పటికే గర్భసంచి దాటి పాకింది. ఆపరేషన్ చేశారు, కరెంటు పెట్టారు. ఏడాదిన్నర బతికింది. ఆ డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి రెండు మాటలు చెప్పింది. మొదటి మరక రోజునే వచ్చుంటే చాలావరకు ఆపరేషన్‌తో పోయేదని ఒకటి. షుగరున్న ఆడవాళ్ళకి ఈ క్యాన్సరు వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువని రెండోది. "మీకెవరూ చెప్పలేదా?" అని అడిగింది.

ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన చోట చెప్పలేదు. చదువుకున్న నేను తెలుసుకోలేదు. అందుకే ఈ వ్యాసం.

షుగరుకీ క్యాన్సరుకీ ఏం సంబంధం?

మనకి తెలిసిన షుగరు ఏమిటి? కాలిపుండు మానదు, కళ్ళు మసకబారతాయి, కిడ్నీలు పోతాయి, గుండెపోటు వస్తుంది. ఈ నాలుగూ మన పేటల్లో ముసలమ్మలకి కూడా తెలుసు. అయిదో సంగతి గోడల మీద పోస్టర్లలో కనిపించదు.

అమెరికాలో షుగరు వైద్యుల సంఘం, క్యాన్సరు సంఘం కలిసి కూర్చుని, అప్పటివరకూ జరిగిన పరిశోధనలన్నీ వడపోసి 2010లో ఒక నివేదిక ఇచ్చాయి. పెద్దవయసులో వచ్చే షుగరు, అంటే టైప్-2 షుగరు ఉన్నవాళ్ళలో కొన్ని క్యాన్సర్లు ఎక్కువగా కనిపిస్తున్నాయని తేల్చాయి. కాలేయం, క్లోమం, గర్భసంచి లోపొర - ఈ మూడు చోట్లా దాదాపు రెండింతలు, ఒక్కోచోట అంతకు మించి. పెద్దపేగు, రొమ్ము, మూత్రాశయం - ఈ మూడు చోట్లా అంత కాదు గానీ, నూరు మందికి వచ్చేచోట నూట ఇరవై నుంచి నూట యాభై మందికి. ఊపిరితిత్తుల క్యాన్సరుకి ఇలాంటి సంబంధం కనబడలేదు. మగవాళ్ళ ప్రోస్టేటు క్యాన్సరు అయితే షుగరున్నవాళ్ళలో కాస్త తక్కువే. అంటే షుగరుంటే అన్ని క్యాన్సర్లూ వస్తాయనేది అబద్ధం. కొన్ని మాత్రం ఎక్కువ వస్తాయనేది నిజం.

రెండింతలు అనగానే బెదిరిపోకండి. ఏ లెక్కకి రెండింతలు అని అడగడం నేర్చుకోవాలి. లెక్క కోసం చెబుతున్నాను: ఏదో ఒక జబ్బు వెయ్యిమందిలో నలుగురికి వస్తుందనుకోండి. రెండింతలైతే ఎనిమిది మందికి వస్తుంది. మిగతా తొమ్మిదివందల తొంభై రెండు మందికి రాదు. షుగరున్నవాళ్ళలో ఎక్కువమందికి ఈ క్యాన్సర్లేవీ రావు. కానీ దేశం మొత్తం మీద కోట్లమందికి షుగరుంటే, ఆ అదనపు నలుగురే వేలూ లక్షలూ అవుతారు. 2012లో ప్రపంచమంతటా కొత్తగా బయటపడ్డ క్యాన్సర్లలో నూటికి దాదాపు ఆరు, షుగరూ అధిక బరువూ ఈ రెంటి లెక్కలోకి వస్తాయని 2018లో ఒక పరిశోధన అంచనా కట్టింది.

ఎందుకు ఇలా జరుగుతుంది? మన చేలో పని చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తిన్న తిండిలో చక్కెరని కండలోకి, కాలేయంలోకి పంపే రసం ఇన్సులిన్. షుగరు రాబోయే మనిషి ఒంట్లో కండ ఆ రసం మాట వినడం మానేస్తుంది. వినకపోయేసరికి క్లోమం ఇంకా ఇంకా రసం పోస్తుంది. పైకి మనకేమీ తెలీదు. షుగరు బయటపడటానికి ముందే ఏళ్ళ తరబడి ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటుంది. ఇన్సులిన్ చక్కెరని తోయడం ఒక్కటే చెయ్యదు, కణాలని పెరగమని కూడా చెబుతుంది. చేలో యూరియా ఎక్కువ చల్లితే వరితోపాటు కలుపు కూడా ఏపుగా పెరగదా? ఒంట్లో ఎక్కడైనా చెడిన కణం ఒకటుంటే, అది కూడా అలాగే పెరిగే వీలుంటుంది.

దీనికి తోడు పొట్ట చుట్టూ కొవ్వు. ముట్లుడిగాక ఆడవాళ్ళ ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే రసం కొవ్వులోనే తయారవుతుంది. అది గర్భసంచి పొరనీ రొమ్మునీ పెరగమని తడుతూ ఉంటుంది. కాలేయంలో కొవ్వు చేరితే కొందరికి అది వాచి, గట్టిపడి, చివరికి క్యాన్సరు దాకా పోతుంది. దానిమీద సారా కూడా పోస్తే చెప్పేదేముంది? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట అక్కచెల్లెళ్ళు సారా మీద తిరగబడింది సంసారాల కోసం. ఇవాళ కాలేయం కోసం కూడా ఆ మాటే చెప్పుకోవాలి.

ఇంకో ముడి కూడా ఉంది. పొగాకు వల్ల క్యాన్సరు వస్తుందని అందరికీ తెలుసు. పొగతాగేవాళ్ళకి షుగరు వచ్చే అవకాశం కూడా తాగనివాళ్ళకంటే ఎక్కువ. కదలకపోవడం, పొట్ట పెరగడం, వయసు పైబడటం - ఇవన్నీ రెండు జబ్బులకీ ఉమ్మడి కారణాలే. కాబట్టి షుగరే క్యాన్సరుని పుట్టిస్తుందా, రెండూ ఒకే మొదలు నుంచి వస్తున్నాయా అంటే రెండూ కొంత కొంత నిజం. మనకి మాత్రం చెయ్యాల్సిన పని ఒక్కటే: షుగరున్న మనిషిని చూసినప్పుడు ఈ రెండో జబ్బుని కూడా గుర్తుపెట్టుకోవడం.

ఇది డబ్బున్నోళ్ళ జబ్బా?

మీటింగుల్లో ఈ సంగతెత్తితే కొందరు సోదరులు నవ్వుతారు. "మాస్టారూ, కూలికి పోయేవాళ్ళకి పొట్టెక్కడిది? షుగరెక్కడిది? అది ఏసీ గదుల్లో కూచునేవాళ్ళ జబ్బు" అంటారు. ఆ రోజులు పోయాయి. ఐ.సి.ఎం.ఆర్. దేశమంతా చేసిన సర్వే 2023లో వెలువడింది. 10 కోట్ల 10 లక్షల మందికి షుగరుంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారు. పట్నాల్లో నూటికి 16 మంది పెద్దవాళ్ళకి ఉంటే పల్లెల్లో నూటికి దాదాపు 9 మందికి ఉంది. ఆ తొమ్మిది మందిలో మనం లేమా? గురువారం మా వరండాకి వచ్చి చూడండి.

మన ఇళ్ళల్లో గోడ మీద ఫోటోలో ఉన్న బాబాసాహెబ్‌కి కూడా షుగరే. 1948 నాటికే షుగరూ కాళ్ళ నరాల నొప్పులూ ఆయన్ని కుంగదీశాయి. ఆ ఒంటితోనే రాజ్యాంగం పని చేశారు. ఆయనకి చూసుకోవడానికి డాక్టరైన భార్య సవితమ్మ ఉన్నారు. మన పేటలో ముసలమ్మకి ఎవరున్నారు?

సన్నగా ఉన్నవాళ్ళకి షుగరెందుకు వస్తుందన్న ప్రశ్నకి పూణే దగ్గర పల్లెల్లో డాక్టర్ యాజ్ఞిక్ బృందం 1990ల నుంచి పనిచేస్తూ ఒక జవాబు చెప్పింది. అర్ధాకలి తల్లుల కడుపున తక్కువ బరువుతో పుట్టిన మన పిల్లలు చూడటానికి సన్నగానే ఉంటారు. కానీ వాళ్ళ ఒంట్లో కండ తక్కువ, కొవ్వు పాలు ఎక్కువ. అలాంటి ఒళ్ళు తర్వాత రోజుల్లో షుగరుకి తేలిగ్గా లొంగుతుంది. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మమ్మ గంజి తాగి నాట్లు వేసిన కాలం, మా అమ్మనీ పిన్నినీ కడుపులో మోసిన కాలం గుర్తొచ్చింది. అప్పటి ఆకలి ఇప్పుడు షుగరై తిరిగొచ్చిందేమోనని అనిపించింది. నాకు కూడా రెండేళ్ళ నుంచీ షుగరుంది.

ఇక తిండి. ఒకప్పుడు మా ప్రాంతంలో చోడి అంబలి, గంటెల సంకటి తినేవాళ్ళం. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. అది మన కడుపులు నింపింది, దాన్ని నేను తప్పు పట్టను. ఆకలి తెలిసినవాడెవడూ తప్పు పట్టడు. కానీ నలభై ఏళ్ళు దాటినా కోటాలో బియ్యమే బియ్యం. తెలంగాణలో 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. సంతోషమే, మనం కూడా సన్నన్నం తినాలి. కానీ పప్పేది? చోళ్ళేవి? గుడ్డేది? మన దేశపు తిండిలో శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని, అందులో ఎక్కువ తెల్లబియ్యం, మైదా, చక్కెరేనని 2025లో ఐ.సి.ఎం.ఆర్. పరిశోధకులే రాశారు. డాక్టరు "అన్నం తగ్గించమ్మా" అంటాడు. తగ్గిస్తే ఆ ఖాళీలో ఏం పెట్టుకోవాలో రేషన్ షాపు చెప్పదు.

భయంతో బిళ్ళలు మానకండి

ఇక్కడొక హెచ్చరిక. ఈ వ్యాసం చదివి ఎవరైనా బిళ్ళలు మానేస్తే నేను చేసిన మేలుకంటే కీడే ఎక్కువవుతుంది.

మన ఊళ్ళల్లో "ఇన్సులిన్ ఏయించుకుంటే క్యాన్సరొస్తాది" అన్న పుకారుంది. ఒక రకం ఇన్సులిన్ మీద 2009లో నిజంగానే అలాంటి అనుమానం లేచింది. తర్వాత పన్నెండున్నర వేలమంది మీద ఆరేళ్ళపాటు పరీక్షించి చూశారు. ఆ ఇన్సులిన్ వల్ల క్యాన్సర్లు పెరగలేదని 2012లో తేలింది. డాక్టరు ఇన్సులిన్ అవసరమంటే వేయించుకోండి. మానితే కాలూ కిడ్నీ పోతాయి, అది అనుమానం లేని సంగతి.

పయోగ్లిటజోన్ అనే బిళ్ళ మూత్రాశయ క్యాన్సరుకి కొంత దారితీస్తుందని వేరే దేశాల్లో అనుమానం వచ్చింది. మన ప్రభుత్వం 2013 జూన్‌లో దాన్ని ఆపింది. జులై చివర్లో హెచ్చరికతో మళ్ళీ అమ్మనిచ్చింది. మీ చీటీలో ఆ పేరుంటే కంగారుపడొద్దు. మూత్రంలో ఎప్పుడైనా నెత్తురు కనబడిందా, ఇంట్లో ఎవరికైనా ఆ క్యాన్సరుందా అన్నది డాక్టరుకి చెప్పి అడగండి.

మెట్‌ఫార్మిన్ బిళ్ళ - మనలో ఎక్కువమంది వేసుకునేది అదే - క్యాన్సరుని ఆపుతుందని కొన్నాళ్ళు గొప్పగా రాశారు. షుగరు లేని రొమ్ము క్యాన్సరు రోగుల మీద పెద్ద పరీక్ష చేస్తే, ఆ బిళ్ళ వల్ల లాభం లేదని 2022లో బయటపడింది. షుగరుకి అది మంచి మందు, చవక మందు. క్యాన్సరుకి రక్షరేకు మాత్రం కాదు.

సర్కారు ఏం చేస్తోంది, ఏం చెయ్యడం లేదు?

ముప్పై ఏళ్ళు దాటిన ప్రతివాళ్ళకీ అయిదు పరీక్షలు ఉచితంగా చెయ్యాలని 2016 నుంచీ కేంద్ర ప్రభుత్వ పథకముంది. షుగరు, బీపీ, నోటి క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు, గర్భసంచి ముఖద్వారం క్యాన్సరు. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి ఫారం నింపాలి. ఉపకేంద్రంలో పరీక్ష చెయ్యాలి. ఈ సంగతి మీ పేటలో ఎంతమందికి తెలుసు?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏం చెప్పిందో చూడండి. దేశంలో 30-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి ముఖద్వారం పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. రొమ్ము పరీక్ష, నోటి పరీక్ష నూటికి ఒక్కరు కూడా లేరు. షుగరు అంకె మాత్రం రాస్తారు, ఎందుకంటే దానికి మిషనుంది. నోరు తెరిపించి చూడాలంటే మనిషి మనిషి దగ్గరికి రావాలి. రొమ్ము తాకి చూడాలంటే తాకాలి. మన పేట మొదట్లో రోడ్డు మీదే నిలబడి "ఏమమ్మా, అందరూ బాగున్నారా?" అని ఫారం నింపుకుపోయేవాళ్ళని నేను చూశాను. తాకడం అన్న మాట దగ్గర మనకి ఏ చరిత్ర ఉందో ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పక్కర్లేదు. అలాగే మా ఊళ్ళోనే పేట లోపలికొచ్చి, మంచం మీద కూచుని, నోరు తెరిపించి చూసిన ఆశమ్మ కూడా ఉంది. ఆమె చేసినప్పుడు మిగతావాళ్ళు ఎందుకు చెయ్యరు?

ఇంకా ముఖ్యమైన లోటు ఒకటుంది. ఆ పథకంలో ఉన్న మూడు క్యాన్సర్లలో షుగరుతో సంబంధమున్న ఆరింటిలోనిది ఒక్క రొమ్ము మాత్రమే. నోటి క్యాన్సరు ముఖ్యంగా పొగాకు వల్ల, ముఖద్వారం క్యాన్సరు ఒక వైరస్ వల్ల వస్తాయి. కాలేయం, క్లోమం, గర్భసంచి లోపొర, పెద్దపేగు, మూత్రాశయం - వీటికి ఉపకేంద్రంలో చేసే పరీక్ష లేదు. మా పిన్నికి చనిపోవడానికి నాలుగేళ్ళ ముందు క్యాంపులో ముఖద్వారం పరీక్ష చేశారు. "బాగుంది" అన్నారు. గర్భసంచి మొత్తం బాగుందనుకుంది ఆమె. ద్వారం చూస్తే ఇంటి లోపల ఏముందో తెలుస్తుందా? ఆ తేడా ఆమెకి ఎవరూ విడమరిచి చెప్పలేదు.

జబ్బు ముదిరాక మాత్రం డబ్బుంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఇవాళ ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ. క్యాన్సరు ఆపరేషన్లకి, మందులకి దాంట్లో చోటుంది. ఆ కార్డు లేకపోతే మా పిన్ని ఏడాదిన్నర కూడా బతికేది కాదు, ఒప్పుకుంటాను. అయితే ఆపరేషన్‌కి లక్షలు ఇచ్చే సర్కారు, మొదటి మరక రోజున ఒక ప్రశ్న అడగడానికి రెండు నిమిషాలు ఇవ్వలేదు.

ఆ అయిదు ప్రశ్నలు

పరీక్ష లేని చోట ప్రశ్నే పరీక్ష. షుగరు బిళ్ళలకొచ్చే ప్రతి మనిషినీ నెలనెలా ఈ అయిదూ అడగాలన్నదే నా వాదన. దీనికి మిషనక్కర్లేదు, బడ్జెట్టక్కర్లేదు.

ఒకటి. అమ్మా, ముట్లుడిగాక ఎప్పుడైనా నెత్తురు కనబడిందా? ఒక్క చుక్కయినా సరే. ముట్లు ఇంకా ఉన్నవాళ్ళయితే, లెక్క తప్పి మధ్యలో అవుతోందా? ముట్లుడిగాక నెత్తురు కనబడ్డ పదిమందిలో ఒకరికి అటూఇటుగా ఇది క్యాన్సరే అవుతోంది. తొమ్మిది మందికి కాదు. ఎవరా ఒకరన్నది ముక్క పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. గర్భసంచి దాటకముందే పట్టుకుంటే అమెరికా లెక్కల్లో నూటికి తొంభై మందికి పైగా అయిదేళ్ళు దాటి బతుకుతున్నారు.

రెండు. రొమ్ములో గడ్డ తగిలిందా? చనుమొన లోపలికి పోయిందా, నెత్తురు కారిందా? నొప్పి లేదని వదిలేయకండి. మొదట్లో నొప్పి ఉండకపోవడమే ఎక్కువ.

మూడు. దొడ్డికి వెళ్తే నెత్తురు పడుతోందా? మూడు వారాలు దాటి విరేచనం తీరు మారిందా? మొలలని మనమే తేల్చేసుకుంటాం. అది డాక్టరు తేల్చాలి.

నాలుగు. మూత్రంలో నెత్తురు పోతోందా? నొప్పి లేకుండా పోతే ఇంకా తొందరపడాలి.

అయిదు. కారణం లేకుండా బరువు తగ్గావా? కళ్ళు పచ్చబడ్డాయా? పొట్ట ఉబ్బుతోందా? పచ్చకామెర్లంటే మనవాళ్ళు ముందు పసరు మందుకి పోతారు. నలభై రోజులు అక్కడే పోతాయి. యాభై దాటాక హఠాత్తుగా కొత్తగా షుగరొచ్చి, దాంతోపాటు మనిషి చిక్కిపోతుంటే క్లోమం మీద కన్నెయ్యాలి. అక్కడ కొన్నిసార్లు వరస తిరగబడుతుంది: ముందు క్లోమంలో క్యాన్సరు మొదలై, దాని వల్లే షుగరొస్తుంది. అలా జరిగేది నూటికి ఒక్కరికి, లేదా అంతకంటే తక్కువే. కానీ ఆ ఒక్కరిని "షుగరుకి చిక్కిపోయాడు" అని ఇంట్లో కూచోబెట్టకూడదు.

షుగరుతో సంబంధం పెట్టకుండా ఆరో మాట కూడా కలపమంటాను: నోరు తెరువమ్మా. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు అడ్డపొగ అలవాటుంది. చుట్ట నిప్పు లోపల పెట్టుకుని తాగే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ళ అంగిట్లో తెల్లమచ్చ, మానని పుండు ఎవరు చూస్తారు?

రెండు అభ్యంతరాలు

"మాస్టారూ, ఉన్న నర్సులకే తీరిక లేదు, ఈ ప్రశ్నలు ఎవరడుగుతారు?" అని ఒక ఆసుపత్రి ఉద్యోగి మిత్రుడు అన్నాడు. నిజమే, వాళ్ళ మీద పని భారముంది. పోస్టులు నింపమని వాళ్ళతోపాటు మనం కూడా అడగాలి. అంతదాకా కార్డు వెనకాల ఈ అయిదూ అచ్చేయించండి. లైనులో కూచున్నంతసేపూ ఒకరికొకరు చదివి వినిపించుకుంటారు. ఆడవాళ్ళ ప్రశ్నలకి తలుపున్న ఒక గది కావాలి. మగాళ్ళ మధ్య నిలబడి మా పిన్ని గుసగుసలాడాల్సి రావడం వైద్యం కాదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైంది. నెత్తురు కనబడిందనగానే "గర్భసంచి తీసేద్దాం" అనే ప్రైవేటు వ్యాపారం మనకి తెలుసు. 2015-16 జాతీయ సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంటే, ఆంధ్రలో దాదాపు తొమ్మిది మందికి, తెలంగాణలో దాదాపు ఎనిమిది మందికి తీసేశారు. ముప్పై ఏళ్ళ కూలిపిల్లకి అక్కర్లేని కోత, అరవై ఏళ్ళ ముసలమ్మకి అవసరమైన ముక్క పరీక్ష లేకపోవడం - రెండూ ఒకే నిర్లక్ష్యం. కాబట్టి మన మాట గట్టిగా ఉండాలి: ముందు పరీక్ష కాగితం చూపించు, తర్వాతే కత్తి. జిల్లా ఆసుపత్రిలో గైనిక్ డాక్టరు దగ్గర ఈ పరీక్ష అడగండి. క్యాన్సరని తేలితే విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి ఉంది, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ఉంది.

కార్యకర్తలకి

ఏప్రిల్ 14న పేటపేటనా దండలేస్తాం, జెండాలెగరేస్తాం. ఈసారి అదే పందిట్లో ఒక బల్ల వేసి, షుగరున్నవాళ్ళ పేర్లు రాసి, ఈ ప్రశ్నలు అడగండి. ఆడవాళ్ళని ఆడకార్యకర్తలే అడగాలి. అవునన్నవాళ్ళని వారంలోపు ఆసుపత్రికి వెంటబెట్టుకు వెళ్ళండి, ఒక్కర్నీ పంపొద్దు. కూలి పోతుందని ఆగిపోతే ఆ రోజు కూలి సంఘం తరఫున ఇవ్వండి. మా ఊళ్ళో కిందటేడు మేమిలా చేశాం. అవునన్నవాళ్ళు నలుగురు. ముగ్గురికి ఏమీ లేదని తేలి నవ్వుతూ ఇంటికొచ్చారు. నాలుగో ఆమెకి పేగులో చిన్న గడ్డ. తీసేశారు, ముదరలేదు. మొన్న ఊడుపులకి వచ్చింది.

దాంతోపాటు మండలం ఆసుపత్రికి ఒక అర్జీ పెట్టండి. షుగరు కార్డు మీద అయిదు ప్రశ్నల గడి, ఆడవాళ్ళకి తలుపున్న గది, ముప్పై దాటినవాళ్ళకి పేట లోపలే పరీక్షలు. రేషన్ షాపులో పప్పూ చోళ్ళూ. అర్జీ నకలు మీద సంతకం తీసుకోవడం మరవకండి.

ఇంట్లో చెయ్యాల్సింది కూడా ఉంది. చుట్టా, బీడీ, సారా మానాలి. పళ్ళెంలో అన్నం కుప్ప తగ్గించి ఆకుకూర, పప్పు పెంచాలి. కూలికి పోనివాళ్ళు, నాలాంటి కుర్చీ ఉద్యోగులు, రోజూ నడవాలి. వీటితో షుగరూ తగ్గుతుంది, ఈ క్యాన్సర్ల ముప్పు కూడా కొంత తగ్గుతుంది.

పిన్ని చివరి రోజుల్లో నేను మంచం పక్కన కూచుంటే, "నువ్వేటి సేస్తావురా, నీకు మాత్రం తెలుసా ఏటి" అని నన్నే ఓదార్చింది. నాకు తెలియాల్సింది. ఇప్పుడు మీకు తెలుసు. రేపు మీ అమ్మో, అప్పో, చిన్నానో ఫోను చేసి ఇదేమిటని అడిగితే, నేనన్న మాట మీరనకండి.

జై భీమ్.